నీళ్లు చూపినవాడికే బావి

కొండకు ఎగువన ఒక పల్లె, దిగువన ఒక పల్లె. రెండూ మెట్ట ఊళ్లే. చెరువులున్నాయి గాని మూడేళ్లకోసారి నిండితే నిండినట్టు. జొన్న, కొర్ర, ఉలవ తప్ప మరో పంట ఎరగరు. అలాంటి ఊళ్లకు ఒక ఏడు దివాణం నుంచి చాటింపు వచ్చింది. బావి తవ్వుకునే రైతుకు రాతికట్టు, మోట, గిలక, జత ఎద్దులు అన్నీ దివాణం ఖర్చుతోనే ఇస్తారట. తిరిగి కట్టే పని లేదు. షరతు ఒక్కటే. అమీను వచ్చి గుంతలో తన చేతికర్ర దించితే మూరెడు తడవాలి.

"నీళ్లుంటే మీ దాకా ఎందుకొస్తాం సామీ?" అన్నారు రైతులు.

"దివాణానికి నలభై ఊళ్లు. అందరి చేలల్లో తవ్వి చూడ్డానికి ఖజానా చాలదు. నీళ్లున్న చోట కట్టిస్తాం. ఎక్కడున్నాయో మీరే చూసుకోండి" అని అమీను గుర్రమెక్కి పోయాడు. ఆయన మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అదే చిక్కు.

దిగువపల్లె వాళ్లు అర్జీల మీద పడ్డారు. పట్నం నుంచి పేరున్న రాయసగాణ్ణి పిలిపించి, చావడిలో మూడు దినాలు భోజనం పెట్టి, అర్జీ ఎలా రాయాలో ఊరందరికీ నేర్పించారు. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. దివాణం వారి వంశాన్ని పొగిడే వాక్యం ఎక్కడ పడాలో కూడా కుదిరింది. పంపిన అర్జీ పంపినట్టే తిరిగొచ్చింది. వెనక ఒకటే మాట ఉండేది: నీళ్లు చూపండి.

ఎగువపల్లెలో ఆ ఏడు జాతర పోగా ఊరుమ్మడి హుండీలో కొంత సొమ్ము మిగిలింది. రచ్చకట్ట దగ్గర కూర్చున్నారు. చావడి కప్పు వేయించాలన్నారు కొందరు. ఇంటింటికీ పంచేయమన్నారు చాలామంది. అప్పుడొక అవ్వ లేచింది. ఆమె పెనిమిటి బతికినంతకాలం బావులు తవ్వాడు, ఆమె తట్ట మోసింది.

"గుంతలకివ్వండబ్బీ" అంది. "మొదటి నిలువు తవ్వకానికి ఒక కూలి. రెండో నిలువుకు రెట్టింపు. మూడో నిలువంటారా, అది మన చేత అయ్యేది కాదు. రెండు నిలువుల దాకా ఊరు పెట్టుకుంటే చాలు. అక్కడికి దిగితే కింద ఏముందో మన్నే చెబుతుంది."

మాట నచ్చింది గాని పంపకం దగ్గర బుద్ధి పాతదే. ఎవరికి ఎక్కువిచ్చినా గొడవేనని ముప్పై ఇళ్లకూ సమంగా పంచారు. ఆ ఎండాకాలం ఎగువపల్లె చుట్టూ ముప్పై గుంతలు లేచాయి. ఏదీ నడుములోతు దాటలేదు. తొలకరికి వాటిలో వాననీళ్లు నిలిచాయి, రెండు మేకలు పడి చచ్చాయి. సొమ్ము అయిపోయింది. కింద నీళ్లున్నాయో లేవో ఊరికి నిరుడెంత తెలుసో ఇప్పుడూ అంతే తెలుసు.

మరుసటేడు ఐదుగురికే ఇచ్చారు, ఒక్కొక్కరికి రెండు నిలువులు దిగేంత. దక్కని ఇరవై ఐదుమంది నెలరోజులు పెద్దమనుషులతో మాట్లాడలేదు. తీసుకున్నవాడికి ఒక నియమం: పొద్దు గుంకగానే ఆ రోజు చివరి తట్టలోంచి గుప్పెడు మన్ను రచ్చకట్టకు తేవాలి, ఎంత లోతున దొరికిందో చెప్పాలి. కరణం కవిలెలో రాసుకోవాలి. ఎర్రమన్ను, సుద్ద, గరుసు, బండ, ఏదైతే అది.

ఐదుగురిలో ఒక కుర్రాడికి నిలువున్నర దగ్గర బండ తగిలింది. పలుగు వేస్తే నిప్పులు రేగుతున్నాయి. మిగిలిన సొమ్ము గుడ్డలో మూటగట్టి రచ్చకట్ట మీద పెట్టి తలొంచుకు నిలబడ్డాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

అవ్వ మూట వైపు చూడలేదు. "బండ సమంగా ఉందా, వాలుందా?" అని అడిగింది.

కుర్రాడు కొంచెం ఆలోచించాడు. "వాలుంది అవ్వా. పడమటి గోడ పక్కన ముందే తగిలింది. తూర్పు గోడ పక్కన ఇంకో జానెడు దిగాక తగిలింది."

"రాయి కరణం, తూర్పుకు వాలు" అంది.

ఆ కుర్రాడి చేనికి తూర్పున ఉన్నది అతని మేనమామ చేను. ఆయనదీ ఐదింటిలో ఒక గుంతే. రెండు నిలువులు దిగినా పొడి గరుసు తప్ప ఏమీ కనబడక పూడ్చేద్దామనుకుంటున్నాడు. కవిలె చదివించుకుని కాసేపు కూర్చున్నాడు. బండ మీదుగా జారే జల ఎక్కడికో పోవాలి కదా! మేనల్లుడి మూటలో మిగిలిన సొమ్ము తనకిప్పించమన్నాడు. ఆ రాత్రి పెద్ద తగువే అయింది. ఒకరి పేర ఇచ్చింది ఇంకొకరికి ఎలా ఇస్తారని. చివరికి కుర్రాడే "ఇవ్వండి, మా మామ గుంత నా గుంతకు కింది మెట్టే గదా" అన్నాడు.

మరో అర నిలువు దిగాక తట్ట బరువెక్కింది. గరుసు తడిగా వస్తోంది. మర్నాడు తెల్లవారి చూస్తే చీలమండ మునిగేంత నీరు. ఊట పెరిగాక అమీను వచ్చి కర్ర దించాడు. మూరెడు మీద జానెడు తడిసింది. దివాణం రాతికట్టు కట్టించింది. అంతకంటే ముఖ్యం, అమీను వెళ్తూ వెళ్తూ కరణం దగ్గర కవిలె అడిగి పుచ్చుకుని, నీళ్లు పడని గుంతల పుటలే ఎక్కువసేపు చూశాడు.

ఎగువపల్లెలో అందరూ ధర్మరాజులని కాదు. ఒకాయన నాలుగేళ్లు వరసగా గుంత సొమ్ము తీసుకున్నాడు. నాలుగు గుంతలూ సరిగ్గా రెండు నిలువులు, వేలెడు ఎక్కువా లేదు, తక్కువా లేదు. కూలి తన కొడుకులకే. అమీనును ఒక్కసారీ పిలవలేదు. ఐదో ఏడు హుండీ తాళం ఆయనకు తెరుచుకోలేదు.

దిగువపల్లె కూడా చూసి నేర్చుకుంది. గుంతలకు సొమ్మిచ్చింది. కాకపోతే వయసులో పెద్దవారికి ముందు, పెత్తందారు అల్లుడికి అంతకంటే ముందు. పైగా నీళ్లు పడకపోతే తీసుకున్నది వడ్డీతో కట్టాలని కాగితం రాయించుకుంది. ఊరి సొమ్ముకు ఆ మాత్రం జవాబుదారీ ఉండాలి గదా! ఫలితం వెంటనే కనబడింది. గుంతలన్నీ చెరువుకట్ట కింద వరసగా లేచాయి. అన్నిట్లోనూ నీళ్లు. అమీను కర్ర దించాడు, తడిసింది. తల ఎత్తి చెరువుకట్ట వైపు చూశాడు.

"ఇది చెరువు ఊట. చైత్రమాసంలో మళ్లీ వస్తాను, అప్పుడు చూపించండి" అన్నాడు.

*

నీతి

పరిశోధన నిధుల లోకంలో ఈ కథలోని దివాణం ఎవరో విశ్వవిద్యాలయంలో పనిచేసేవారికి చెప్పనక్కర్లేదు. మన దేశంలో ఇప్పుడా దివాణాల్లో పెద్దది అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్. 2023లో పార్లమెంటు చట్టం చేసింది, అంతకుముందు పరిశోధనలకు కేంద్ర నిధులిచ్చే సెర్బ్ సంస్థ అందులో కలిసిపోయింది. ఐదేళ్లలో 50,000 కోట్ల రూపాయలు ఖర్చు చేయాలని సంకల్పం, అందులో ఎక్కువ భాగం ప్రభుత్వేతర వర్గాల నుంచి రావాలని ఆశ. కొత్తగా చేరిన అధ్యాపకులకు మూడేళ్లకు 60 లక్షల దాకా ఇచ్చే పథకం కూడా పెట్టింది. ప్రతిపాదన పంపాక వచ్చే సమీక్షల్లో మాత్రం ఆ అమీను మాటే రకరకాలుగా వినబడుతుంది: ఆలోచన బాగుంది, ఈ పద్ధతి పనిచేస్తుందనడానికి ప్రాథమిక ఫలితాలు చూపలేదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. నల్లగొండ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సంగతి తెలుగువాళ్లకు కొత్త కాదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర సహాయాచార్యురాలికి ఊకబూడిదతో చౌకగా ఫ్లోరైడ్ లాగేసే పొడి చేయవచ్చుననే ఆలోచన వచ్చింది. ప్రయోగశాలలో డిస్టిల్డ్ వాటర్‌లో ఫ్లోరైడ్ కలిపి చూస్తే పొడి అద్భుతంగా పనిచేస్తుంది. గ్రాఫు కూడా అందంగా వస్తుంది. ఇది చెరువుకట్ట కింది గుంత. నల్లగొండ బోరునీళ్లు డిస్టిల్డ్ వాటర్ కాదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లలో సాధారణంగా బైకార్బొనేటూ ఎక్కువే ఉంటుంది. అది పొడి ఉపరితలం మీద ఫ్లోరైడ్‌కు పోటీ వచ్చి చోటు ఆక్రమించవచ్చు. అసలు ప్రశ్న అక్కడుంది.

ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే ఏం కావాలి? ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడు ఒకటి, బఫరు సీసాలు, ఊళ్లు తిరిగి నమూనాలు తేవడానికి బండి ఖర్చు, ఆరు నెలలు పనిచేసే ఒక ఎమ్మెస్సీ విద్యార్థికి భత్యం. విశ్వవిద్యాలయం తన సొంత హుండీలోంచి రెండు లక్షలిస్తే సరిపోతుంది. బయటి సంస్థలు రెండు లక్షలకు తలుపు తీయడం అరుదు. ఆరు నెలల తర్వాత రెండిట్లో ఒకటి జరుగుతుంది. బోరునీళ్లలోనూ పొడి పనిచేస్తే, దిల్లీకి వెళ్లే ప్రతిపాదనలో ఆ పట్టిక మూడో పేజీలో కూర్చుంటుంది, సమీక్షకుడు నోరెత్తలేడు. పనిచేయకపోతే, 60 లక్షలు అడిగి, తెచ్చుకుని, మూడేళ్లు పోగొట్టుకున్నాక తెలియాల్సిన సంగతి రెండు లక్షలకే తెలిసింది. లోపలి గ్రాంటు కొనేది ఈ రెండో దాన్ని కూడా. విశ్వవిద్యాలయాల వార్షిక నివేదికల్లో మొదటి దాని గురించే రాస్తారు. ఇంత ఇచ్చాం, దానికి ఇన్ని రెట్లు బయటి నుంచి తెచ్చారు అని. ఆ లెక్కల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఎంపిక చేసిందే బాగా తవ్వేవాళ్లని కదా, వాళ్లు లోపలి సొమ్ము లేకపోయినా ఎంతోకొంత తెచ్చేవారేమో! ఎండిన గుంతల లెక్క ఎవరూ వేయరు. అసలు పొదుపు ఉన్నది అందులో.

ఐఐటీల్లో ఈ పని చాలాకాలంగా జరుగుతోంది. కొత్త అధ్యాపకుడు చేరగానే సీడ్ గ్రాంటు పేరుతో కొంత సొమ్ము చేతికొస్తుంది. బయటి నిధికి పోటీ పడే వేళకు అతని దగ్గర చూపించడానికి ఏదో ఉంటుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అదే వయసు, అదే తెలివి ఉన్న మనిషి అదే పోటీకి ఖాళీ చేతులతో వెళ్తాడు. ఓడిపోతే నాణ్యత లేదంటారు. ఆ లోటు పూడ్చడానికి ప్రపోజల్ రాయడం ఎలా అని వర్క్‌షాపు పెడతారు. రిసోర్స్ పర్సన్‌కు శాలువా, పాల్గొన్నవారికి సర్టిఫికెట్టు. రాయసగాడికి చావడిలో భోజనం పెట్టిన ఊరు గుర్తొస్తే నా తప్పు కాదు.

లోపలి సొమ్ము ఎంత ఓపిక పట్టగలదో చెప్పడానికి అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం కథ ఒకటి ఉంది. హ్యారీ స్టీన్‌బాక్ అనే ఆచార్యుడు అతినీలలోహిత కాంతి సోకిన ఆహారంలో విటమిన్ డి పెరుగుతుందని కనిపెట్టాడు. ఆ పేటెంటు ఆదాయం పరిశోధనకే తిరిగి రావాలని 1925లో పూర్వవిద్యార్థులతో ఒక ఫౌండేషన్ పెట్టించాడు. దాని పొట్టిపేరు వార్ఫ్. 1933 ఫిబ్రవరిలో, మంచు తుఫానులో, ఒక రైతు చచ్చిన పెయ్యనూ, పాలక్యానులో గడ్డకట్టని రక్తాన్నీ, బూజుపట్టిన గడ్డినీ వేసుకుని ఆ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ ప్రయోగశాలకు వచ్చాడు. ఆ గడ్డి తిన్న పశువులు నెత్తురోడి చస్తున్నాయి. గడ్డిలో ఉన్న పదార్థమేదో విడదీయడానికి 1939 దాకా పట్టింది. దాని మీద చేసిన పని నుంచే ఎలుకల మందు, తర్వాత 1954 నుంచి మనుషులకు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర వచ్చాయి. మన ఇళ్లలో గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు వేసుకునే వార్ఫరిన్ అదే. సొమ్మిచ్చిన వార్ఫ్ పేరే దానికి పెట్టారు. అప్పట్లో అక్కడా బయటి దివాణం పెద్దగా లేదు, జాతీయ సైన్స్ ఫౌండేషన్ వచ్చింది 1950లో. కాబట్టి దీన్ని బయటి నిధుల పోటీకి రుజువుగా చెప్పను. గడ్డిలో ఏముందో తెలియకుండా ఆరేళ్లు గడిచినా ప్రయోగశాల మూతపడకపోవడం, ఒక ఆవిష్కరణ మీద వచ్చిన ఆదాయం తర్వాతి గుంతలకు చేరడం, ఈ రెండూ మనకు పనికొచ్చేవి.

దీనికి ఎదురు కథా ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కాటలిన్ కరికో ఎంఆర్ఎన్ఏ మీద పనిచేస్తూ బయటి గ్రాంట్లు తెచ్చుకోలేకపోయింది. 1995లో విశ్వవిద్యాలయం ఆమె హోదా తగ్గించింది. 2023లో ఆమెకు, డ్రూ వైస్‌మన్‌కు నోబెల్ వచ్చింది. బయటివాళ్లు కాదన్నారు కాబట్టి లోపలివాళ్లూ కాదన్నారు. అమీను మాటకే లోపలా తలూపేట్టయితే ఇంక ఊరుమ్మడి హుండీ ఎందుకు? లోపలి కమిటీలో కూర్చునేవారు బయటి సమీక్షకుల కళ్లతో చూడ్డం అలవాటు చేసుకుంటే, ఆ డబ్బు ఎలాగూ గెలిచేవాళ్లకు ముందస్తు బహుమతి అవుతుంది.

పంపకంలో ఇంకో తప్పు మనకు బాగా అలవాటైనది: అందరికీ తలా కొంచెం. విభాగాల మధ్య గొడవ రాదు, డీన్ గారికి నిద్ర పడుతుంది. తలకు యాభై వేలతో ఏమొస్తుంది? ఒక ప్రింటరు, రెండు కాన్ఫరెన్సుల టీఏ. చెప్పుకోవడానికి ముప్పై గుంతలు. తెలుగు, చరిత్ర, సమాజశాస్త్రం చేసేవారికి మాత్రం యాభై వేలే పెద్ద సొమ్ము కావచ్చు. గోదావరి జిల్లాల్లో మౌఖిక చరిత్ర రికార్డు చేయడానికి కావలసింది రికార్డరూ బస్సు ఛార్జీలే, అది వాళ్లకు రెండు నిలువులు. రూపాయల్లో సమానం చేస్తే అక్కడే దెబ్బతింటుంది. ఎవరి నేలలో ఎంత దిగితే జవాబొస్తుందో ఆ పని తెలిసినవాళ్లు కూర్చుని తేల్చాలి. దక్కనివాళ్ల అలక భరించాలి కూడా.

డబ్బెక్కడిదని ఫైనాన్స్ ఆఫీసరు అడుగుతాడు. అడగాల్సిందే. బయటి ప్రాజెక్టుల మీద సంస్థ ఖర్చుల కింద ఓవర్‌హెడ్ వస్తుంది. అది సాధారణ ఖాతాలో పడి కరెంటు బిల్లులోనో పెయింటింగులోనో కలిసిపోతే ఎవరికీ తెలియదు. దానిలో ఒక వాటాను గుంతలకని వేరు ఖాతాలో పెడితే, ఒక బావి నీళ్లే పక్క చేనుకు పారతాయి. తీసుకున్నవాడు గడువులోపు బయటికి ఒక ప్రతిపాదన పంపాలి, వచ్చినా రాకపోయినా. పంపనివాడికి రెండోసారి లేదు. నాలుగేళ్లు వరసగా రెండు నిలువులు తవ్వే పెద్దమనుషులకు ఈ ఒక్క నియమం చాలు.

ఇక ఆడిట్. ఏమీ దొరకలేదని నివేదికలో రాస్తే రికవరీ పెడతారేమోనన్న భయం ఉత్తుత్తిది కాదు. ఆ భయంతోనే మన నివేదికల్లో అన్ని ప్రయోగాలూ ఫలిస్తాయి. మంజూరు పత్రంలోనే ఒక వాక్యం ఉండాలి: పద్ధతి పనిచేయలేదని తేలినా లక్ష్యం నెరవేరినట్టే, ఎందుకు పనిచేయలేదో నాలుగు పేజీలు రాసి గ్రంథాలయంలో పెట్టాలి. నల్లగొండ బోరునీళ్ల మీద ఊకబూడిద ఎక్కడ ఆగిపోయిందో పక్క విభాగంలో ఇంకొకరికి తెలియడం ఆ ఎలక్ట్రోడు ఖరీదు కంటే ఎక్కువే.

సొమ్ము విడుదల తేదీ చిన్న సంగతిలా కనిపిస్తుంది, గాని చాలా గ్రాంట్లు చచ్చేది అక్కడే. దరఖాస్తులు ఆగస్టులో తీసుకుని, కమిటీ డిసెంబరులో కూర్చుని, ఉత్తర్వు జనవరి ఆఖరుకు వస్తే, తర్వాత ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్లో ఆర్డరు, కొటేషన్లు, తులనాత్మక పట్టిక, సంతకాలు. మార్చి 31 దాటితే మిగిలింది వెనక్కి. ఎలక్ట్రోడు పెట్టె సీలు తీయకముందే వినియోగ పత్రం మీద సంతకం చేయాల్సిన పరిస్థితి. గ్రాంటును ఆర్థిక సంవత్సరానికి కాకుండా మంజూరైన తేదీ నుంచి పద్దెనిమిది నెలలకు కట్టాలంటే పాలకమండలి ఒక తీర్మానం చేస్తే సరిపోతుంది, దానికి దిల్లీ అనుమతి అక్కర్లేదు.